ఫోన్ పెట్టేయడం నేర్పిన ఆపా

ఆపా పోయారన్న కబురు నాకు ఫోన్‌లోనే వచ్చింది. పొద్దున ఏడు కాలేదింకా. మార్కాపురం నుంచి ఆమె తమ్ముడు చేశాడు. "ఆపా ఇంక లేదు సార్" అన్నాడు. ఆ తర్వాత ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టేయలేదు. అవతల ఎవరో బకెట్‌లో నీళ్ళు పడుతున్న చప్పుడు, ఏదో ఆటో పోయిన చప్పుడు వింటూ గిద్దలూరులో మా వరండాలో అలాగే నిలబడిపోయాను. ఆపా చూసి ఉంటే మా ఇద్దరికీ సున్నా వేసేవారు.

ఆ సున్నా సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆపా అంటే అక్క. మార్కాపురంలో ముస్లిం ఇళ్ళల్లో అలా పిలుస్తారు. ఈమెను మాత్రం ఎస్సై దగ్గర్నుంచి కూరగాయల బండి మనిషి దాకా ఊరంతా అలాగే పిలిచేది. పోయిన మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేశారు. ఆన్‌లైన్ నేరాల వెనక మనుషుల మనసు ఎలా పనిచేస్తుందో పరిశోధించిన ఆచార్యురాలు, పోలీసు అధికారులకు పాఠాలు చెప్పిన నిపుణురాలు అని. అందులో అబద్ధం ఏమీ లేదు. అయితే సగం గ్లాసు టీలో మూడు చెంచాల చక్కెర వేసుకుని, "డాక్టరు నీళ్ళు కొలిచి తాగమన్నాడు, చక్కెర సంగతి చెప్పలేదు" అని దబాయించే మనిషి ఆ లైన్లలో ఎక్కడా లేరు.

వాళ్ళ నాయనది పలకల దుకాణం. మూల విరిగి అమ్ముడుపోని పలకల మీద చదువు మొదలుపెట్టారట. యూనివర్సిటీకి వెళ్ళి మనస్తత్వ శాస్త్రం చదివారు. ఊళ్ళల్లో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, అక్కడ కూర్చుని దొంగపేర్లతో ఒకరికొకరు రాసుకునే పిల్లల మీద పరిశోధన చేస్తానంటే, గైడు ఆమెను ఎగాదిగా చూసి, ఇది చదువా కబుర్లా అని అడిగాడట. చాలా ఏళ్ళ తర్వాత ఆ డిపార్టుమెంటువాళ్ళే అదే విషయం మీద కోర్సు తయారుచేసి పెట్టమని ఆమెను బతిమాలారు. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆపా మొహం చూడాలి. "మొహం కనపడని తావున మనిషి ఎట్ల మారతాడు, అదే నా చదువు. మిగతాదంతా దాని ఎంబడి వచ్చింది" అనేవారు. దాని వెంబడే ఆమె జైళ్ళకు వెళ్ళారు. ఫోన్ చేసి మోసం చేసే కుర్రవాళ్ళ ఎదుట గంటలు గంటలు కూర్చుని, మీ పని ఎలా చేస్తారో నాకు నేర్పండి అని అడిగారు.

రిటైరయ్యాక పెద్ద పెద్ద చోట్లకు రమ్మన్నా పోలేదు. మార్కాపురం వచ్చి, తమ్ముడి పలకల దుకాణం ముందుగదిలో రెండు కుర్చీలు, ఒక బెంచీ వేసుకున్నారు. మోసపోయినవాళ్ళు వచ్చి చెప్పుకుంటే వినడం, వాళ్ళను మళ్ళీ మనుషుల్లో కలపడం ఆమె పని. చెప్పినదాన్ని పలక మీద రాసేవారు. అంత చదివిన మనిషికి పలకేమిటని నేనూ మొదట ముక్కు విరిచాను. తర్వాత తెలిసింది, రికార్డు చేస్తే వచ్చినవాళ్ళు భయపడతారు, కాగితం చూస్తే బిగుసుకుపోతారు, ఫోన్ బయటికి తీస్తే లేచిపోతారు. పలక అలా కాదు. రాసింది చదివి వినిపించి, "ఉంచాలనా, తుడవాలనా?" అని అడిగేవారు. ఉంచమంటేనే పేరు లేకుండా నోటుబుక్కులోకి ఎక్కించేవారు. తుడవమంటే తడిగుడ్డతో వాళ్ళ కళ్ళ ముందే తుడిచేసేవారు.

నా పలక మూడుసార్లు తుడిచారు.

ఇక నా సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందటి మాట. హెడ్మాస్టరుగా రిటైరై ఏడాది దాటింది. ఒకరోజు పది గంటలప్పుడు వీడియో కాల్ వచ్చింది. తెర మీద యూనిఫాం వేసుకున్న మనిషి, వెనకాల జెండా. నా ఆధార్ మీద పోతున్న ఏదో పార్శిల్ పట్టుబడిందన్నాడు. నన్ను డిజిటల్ అరెస్ట్ చేశామన్నాడు. గది దాటకూడదు, ఎవరికీ చెప్పకూడదు, ఫోన్ కట్ చేయకూడదు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని ఇప్పుడు చిన్నపిల్లలు కూడా చెప్తున్నారు. అప్పుడు నాకు తెలియదు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగినవాడిని, మర్నాడు మధ్యాహ్నం దాకా కుర్చీలో కూర్చుని జవాబులు చెప్పాను. బాత్రూముకు పోవాల్సివస్తే చిటికెన వేలు చూపించి అనుమతి అడిగాను. మా బళ్ళో ఒకటో తరగతి పిల్లలు అడిగినట్టు.

రిటైరైనవాళ్ళకు కూడా ఏదో ట్రైనింగ్ పెట్టారనుకుంది మా ఆవిడ. కరోనా రోజుల్లో అలాగే గంటలకొద్దీ ఫోన్ ముందు కూర్చునేవాణ్ణి కదా. చప్పుడు చేయకుండా కంచం తెచ్చి పక్కన పెట్టి పోయింది. రాత్రి ఏమిటని అడగబోతే చేత్తోనే పొమ్మన్నాను. ఉన్నదంతా వాడు చెప్పిన ఖాతాలకు పంపించాక ఫోన్ పెట్టేసింది వాడే, నేను కాదు. వాడు పెట్టేశాడని తెలిసి కూడా ఇంకో గంట నేను ఆ గది గడప దాటలేదు.

స్టేషన్‌లోనూ బ్యాంకులోనూ మొదట అడిగింది ఎంత పోయిందని. రెండోది, ఇంత చదువుకుని ఎలా పడ్డావని. కంప్లైంటు ఇచ్చి వచ్చాక మా వీధిలో ఎవరికీ తెలియనివ్వలేదు. కూతురికి కూడా చెప్పలేదు. బడి వైపు నడవడం మానేశాను. ఎవరైనా సార్ అని పిలిస్తే ఉలిక్కిపడేవాణ్ణి. ఆ అవస్థ చూడలేక మా ఆవిడే ఎక్కడో విని, ఒకరోజు చెయ్యి పట్టుకుని రైలెక్కించి మార్కాపురం తీసుకొచ్చింది.

ఆపా ఎంత పోయిందని అడగలేదు, ఎలా పడ్డావని అడగలేదు. "ఆ గదిలో మీరు మాట్లాడినయి చెప్పండి సార్. వాడి మాటలు నాకు తెలుసు, జైల్లో నేర్చుకున్నా. మీ మాటలు కావాల నాకు" అన్నారు. చెప్పాను. ఒకచోట మాత్రం ఆగిపోయాను. ఆమె పలకతో అలాగే కూర్చున్నారు. తుడిచేయండి అన్నాను. తుడిచేశారు. రెండోసారి వెళ్ళినప్పుడూ అంతే.

మూడోసారి ఆ మాట బయటపెట్టాను. మధ్యాహ్నం నా కంచం నా పక్కనే ఉంది. అవతలివాడు పొద్దుటి నుంచి లేవకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను వాణ్ణి, "సార్, భోంచేశారా మీరు?" అని అడిగాను. నన్ను దోచుకుంటున్నవాణ్ణి నేను అన్నం తిన్నావా అని అడిగాను. పోయిన డబ్బు కంటే ఆ ఒక్క మాటే నన్ను తినేస్తోందన్నాను.

మా ఆవిడ తల దించుకుంది. ఆపా నవ్వలేదు. బలపం పక్కన పెట్టి, "నేను ఈ ఊరికి ఎందుకు వచ్చినానో తెలుసునా?" అన్నారు. ఎక్కడో దూరాన జైల్లో ఒక కుర్రవాడు, తెలుగు వచ్చినవాడు, ఆమెది ఏ ఊరని అడిగాడట. చెప్పగానే వాడి మొహం వెలిగిందట. "మీ వైపువాళ్ళతో చానా సులువు మేడమ్. ఫోన్ కట్ చెయ్యరు. నువ్వు తిన్నావా నాయనా అని మమ్మల్నే అడుగుతారు" అన్నాడట. "నాకు ఆ పొద్దు సిగ్గేసింది, గర్వమూ వేసింది. ఏది ముందో ఇప్పటికీ తెలీదు. ఇంగ రిటైరు కాగానే ఇంటికే పోవాలనుకున్నా" అన్నారు. బలపం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మీరు తెలివితక్కువై పడలేదు సార్, మర్యాద ఉండి పడినారు. మర్యాద తీసేసే మందు నా దగ్గర లేదు. ఎప్పుడు ఆపాలనో నేర్పిస్తా" అన్నారు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అయినా పలక తుడిచేయమనే అన్నాను. ఆమె తడిగుడ్డ తీసి తుడిచారు.

మర్నాటి నుంచి చదువు మొదలైంది. ఆమె రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తారు. ఏదో ఒకటి తీయగా మాట్లాడతారు. నేను ఆమె మాట మధ్యలో, "ఉంటాను" అని చెప్పకుండా, సెలవు తీసుకోకుండా, టక్కున ఫోన్ పెట్టేయాలి. అంతే పాఠం. మీకు నవ్వు రావచ్చు. ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళతో చేసి చూడండి. మన దగ్గర ఫోన్‌లో పని రెండు ముక్కల్లో అయిపోతుంది, పెట్టేయడానికే పది నిమిషాలు పడుతుంది. సరే మరి, ఉంటా మరి, అందరినీ అడిగినానని చెప్పు, సరే సరే, ఉంటా. అది లేకుండా పెట్టేస్తే అవతలివాళ్ళ మొహం మీద తలుపేసినట్టు ఉంటుంది.

మొదటి వారమంతా "ఉంటానమ్మా" అని నోరు జారుతూనే ఉంది. ఐదు నిమిషాలకు మెసేజ్ వచ్చేది. 0. మాట ఉండదు, ఆ అంకె ఒక్కటే. నాకు పౌరుషం వచ్చింది. ఎంతమంది పిల్లలకు సున్నాలు వేశాను, నాకా సున్నా! ఫోన్ దూరంగా పట్టుకుని గోడకేసి మెల్లగా ఉంటా అని, తర్వాత కట్ చేశాను. ఎలా తెలిసిందో, దానికీ సున్నానే. ఒకరోజు మాట మధ్యలో నిజంగానే కట్ చేశాను. చేసి, ఉండబట్టలేక వెంటనే తిరిగి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆపా నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. ఆ రోజు పదికి రెండు మార్కులు వచ్చాయి.

నాలుగైదు మార్కులు వచ్చే వేళకు, "పరీక్ష కష్టం చేద్దాం. వరస కలిపినోళ్ళను కట్ చెయ్యడం ఇంకా కష్టం. ఈ పొద్దు నుంచి మిమ్మల్ని తమ్ముడూ అంటా" అన్నారు. మళ్ళీ సున్నాకు వచ్చిపడ్డాను. పరీక్ష కోసం పెట్టిన పిలుపు అలాగే నిలిచిపోయింది. మీరు పోయి నువ్వు వచ్చింది. నాకు సొంత అక్క లేదు.

వారానికి మూడు రోజులు ఆమెకు డయాలసిస్. మిగతా రోజుల్లో ఊళ్ళు తిరిగేవారు. పొదిలి మార్కెట్ యార్డు, దొనకొండ, ముండ్లమూరు పక్క పల్లెలు, ఎక్కడ నలుగురు కూర్చుంటారంటే అక్కడికి. పలకల కట్ట నేను మోసేవాణ్ణి. తలా ఒక పలక ఇచ్చి, ఫోన్‌లో మిమ్మల్ని లొంగదీసిన మాట ఏదో రాయండి అనేవారు. రాయడం రానివాళ్ళ మాట నేను రాసిపెట్టేవాణ్ణి. ఆ తర్వాత జంటలు జంటలుగా కూర్చోబెట్టి ఫోన్ పెట్టేయడం అభ్యాసం చేయించేవారు. శాలువాలంటే ఆమెకు మంట. ఒక ఊళ్ళో కప్పబోతే, "నక్కో, వద్దు నాయనా, ఉక్క పోస్తా ఉంది" అని చేత్తో తోసేశారు. ఆమెకు కోపమూ ఎక్కువే. మోసపోయిన పిల్లను ఒక కానిస్టేబుల్, ఎంతవరకు చదివినావని అడిగితే, "నువ్వెంతవరకు చదివినావు?" అని అందరి ముందూ నిలదీశారు. తర్వాత ఆయనకు టీ తెప్పించారు.

నన్ను మాత్రం ఒక్కటే అడిగేవారు. "నేను చెప్తే చదువుకున్నామె చెప్పిందంటారు. నువ్వు చెప్తే, హెడ్మాస్టరుకే తప్పలేదు, మనకేం సిగ్గు అంటారు. ఒక్కసారి లేచి నీ పేరుతో నీది చెప్పు తమ్ముడూ." సరేనని మాటిచ్చాను. ఇచ్చి తప్పించుకుంటూ వచ్చాను. వచ్చేసారి అన్నాను. గొంతు బాగాలేదన్నాను. పొదిలిలో ఆమె మైకు పట్టుకుని నా వైపు చూస్తే, బయట వైరు ఊడినట్టుంది చూసొస్తానని లేచి పోయాను. వైరు బాగానే ఉంది. తిరిగొచ్చేసరికి ముండ్లమూరు నుంచి వచ్చిన ఒక మిరప రైతు భార్య లేచి, తను ఎలా మోసపోయిందో కొంగు నడుముకు దోపుకుని మరీ చెబుతోంది. నేను వెనక బెంచీలో పలకలు లెక్కపెడుతున్నట్టు నటించాను. బస్సులో వచ్చేటప్పుడు ఆపా ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేది.

ఆఖరి ఫోన్ మంగళవారం వచ్చింది. రెండు రోజులుగా ఆమె ఆస్పత్రిలో ఉన్నారు. ఆ రెండు రోజులూ కూడా నాలుగింటి ఫోన్ ఆపలేదు. గొంతు బాగా సన్నబడింది. గురువారం దొనకొండలో మహిళా సంఘాల మీటింగు ఉంది. "తమ్ముడూ, ఎల్లుండి దొనకొండకు నేను రాలేకపోయినా నువ్వు..." అన్నారు.

నేను కట్ చేశాను.

మాట మధ్యలో, సెలవు తీసుకోకుండా. తిరిగి ఫోన్ కూడా చేయలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఈరోజు చూడు అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను. ఐదు నిమిషాలకు మెసేజ్ వచ్చింది. 10. మూడేళ్ళలో మొదటి పది. ఇంట్లో అందరికీ చూపించాలనిపించింది, ఇంట్లో ఉన్నదే ఇద్దరం.

మర్నాడు పొద్దున ఆమె తమ్ముడి ఫోన్ వచ్చింది.

ఖబరస్తాన్‌కు వెళ్ళాను. మగవాళ్ళంతా తలా మూడు దోసిళ్ళ మన్ను వేశారు. నాకూ దారిచ్చారు. మన్ను వేసి పక్కకు వచ్చాను. ఆమెను మాట పూర్తి చేయనివ్వకుండా పంపించినవాణ్ణి నేనేనన్న బాధ అక్కడే పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. నేను రాలేకపోయినా నువ్వు... ఏమిటి? ఆమె తమ్ముణ్ణి అడిగితే, "ఏముంటది సార్, పలకలు మరిచిపోవద్దని చెప్పబోయింటది" అన్నాడు. అదీ కావచ్చు. ఆపా అలాంటి మనిషే.

ఆ సాయంత్రమే దొనకొండ సంఘం లీడరు ఫోన్ చేసింది. "ఇట్లయిపోయింది గదా సార్. మీటింగు ఇంకో నెలకు పెట్టుకుందామా?" అంది. వద్దు, నేను వస్తున్నా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. రాత్రికి కూతురికి ఫోన్ చేసి మూడేళ్ళ కిందటి సంగతంతా చెప్పాను. అది ఏడ్చింది. నేను ఏడవలేదు.

గురువారం గిద్దలూరులో రైలెక్కాను. మార్కాపురం రోడ్ స్టేషన్‌లో ఆమె తమ్ముడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. కిటికీ ఊచల్లోంచి పలకల కట్ట పట్టదు, వాకిలి దగ్గరికి పరుగెత్తుకొచ్చి అందించాడు. "ఈటిలో ఆపా సొంత పలక కూడా ఉంది సార్. తడిగుడ్డ పైన పెట్టినా" అన్నాడు. రైలు కదిలింది.

దొనకొండలో హాలు నిండా ఆడవాళ్ళు ఉన్నారు. వెనకగోడ దగ్గర కొందరు రైతులు నిలబడ్డారు. అందరూ ఆపా కోసం ఒక నిమిషం లేచి నిలబడ్డారు. తర్వాత మైకు నా చేతికి వచ్చింది. ఈసారి వైరు చూడలేదు. నా పేరు చెప్పాను, ఊరు చెప్పాను, హెడ్మాస్టరుగా చేశానని చెప్పాను. జెండా ముందు కూర్చున్న ఆ మనిషి గురించి, చిటికెన వేలు గురించి చెప్పాను. భోంచేశారా అని అడిగిన మాట దగ్గరికి వచ్చాను. ఆపా పలక నా ముందు బల్ల మీద ఉంది. తడిగుడ్డ పక్కనే ఉంది. చెప్పేశాను.

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ వాళ్ళ వైపు తిరిగి కసిరింది. "ఏందే నవ్వేది? పొద్దుటి నుంచి అదే పనిగా మాట్లాడుతుండె గదా వాడు. తిన్నావా అని అడగకుంటే ఎట్ల?" అంది. నా వైపు తిరిగి, "నేనైనా అడిగేదాన్నే నాయనా" అంది. ఇప్పుడు హాలంతా నవ్వింది, నేను కూడా నవ్వాను. మూడేళ్ళుగా నా గుండెల మీద కూర్చున్న మాట అది. నవ్వులు తగ్గేలోగా ఇద్దరు లేచి, తమది కూడా చెప్తామన్నారు.

అవన్నీ విన్నాక అభ్యాసం మొదలుపెట్టాం. జంటలు జంటలుగా ఫోన్లు చేసుకోవాలి. నేను చప్పట్లు కొట్టగానే, అవతలివాళ్ళ మాట ఎక్కడ ఉంటే అక్కడే, ఉంటానని చెప్పకుండా పెట్టేయాలి. అవ్వకు జంట ఆమె కోడలు. కోడలు పోయి హాలు చివర కూర్చుని, ఆపా చెప్పినట్టే తీయతీయగా మాట్లాడుతోంది. అవ్వ రెండు చేతులతో ఫోన్ చెవికి ఆనించుకుని ఊఁ కొడుతోంది.

చప్పట్లు కొట్టాను. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అవ్వ కూడా పెట్టేసింది, సరిగ్గానే, ఎర్ర గుర్తు మీద వేలు గట్టిగా నొక్కి. తెర నల్లబడింది. అప్పుడు ఆ నల్లటి తెరను మొహం ముందుకు తెచ్చుకుని, మెల్లగా, "ఉంటానమ్మా" అంది.

ఎవరూ నవ్వలేదు. నేను ఆపా పలక వైపు చూశాను.

"సున్నా అవ్వా" అన్నాను. "ఇంకోసారి చేద్దాం."

అవ్వ ఫోన్‌ను కొంగుతో తుడుచుకుని, సర్దుకుని కూర్చుంది. హాలు చివర కోడలు మళ్ళీ నంబరు నొక్కింది. అవ్వ చేతిలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది.